ఉత్త కాంటా చూపెట్టు

నేను ఒక కాంటాను. కూరగాయల బండి మీది తక్కెడను కాను, బియ్యం దుకాణంలో కూర్చునే పెద్ద కాంటానూ కాను. అన్నం పళ్లెమంత గుండ్రటి ముఖం, దాని చుట్టూ సున్నా నుంచి ఇరవై ఐదు దాకా అంకెలు, నడుమ ఒక ఎర్ర ముల్లు, తల మీద ఒక కొండి, కింద ఒక కొండి. పై కొండితో నేను దూలానికి వేలాడతాను. కింది కొండికి పసిపిల్లలు వేలాడతారు. ఇంత గుండెదడ బతుకు ఇంకెవరికైనా ఉంటుందేమో మీరే చెప్పండి. కొండి ఊడితే? గుడ్డ చినిగితే? పిల్ల ఎగిరి దూకితే? పదకొండేళ్లలో ఒక్క పిల్ల కూడా నా మీది నుంచి పడలేదు. అయినా నాకు ధైర్యం లేదు. ఇన్నేళ్లు పడలేదు కాబట్టి రేపు పడొచ్చు అనిపిస్తుంది.

నేను పుట్టింది దూరాన ఒక పట్నంలో, రేకుల షెడ్డులో. అక్కడ నన్ను చివరగా చేతిలోకి తీసుకున్నది ఒక నడివయసు ఆమె. పేరు తెలియదు. నాకు ఏమీ తగిలించకుండానే కాసేపు నా ముఖంలోకి చూసింది. ముల్లు సున్నాకు వెంట్రుకవాసి పక్కన ఉంది. నా నెత్తి దగ్గరి చిన్న మరను తిప్పి సరిగ్గా సున్నాకు తెచ్చింది. ఆ తర్వాతే ఐదు కిలోల ఇనుప గుండు తగిలించింది. ఐదు చూపాను. పది తగిలించింది. పది చూపాను. ‘ముందు ఖాళీ కాంటా చూడండి, తర్వాతే తూకం వేయండి’ అని అచ్చువేసిన కాగితాన్ని నాతో పాటు అట్టపెట్టెలో పెట్టింది. ఆ కాగితం నాతో మా ఊరి దాకా వచ్చింది. వచ్చిన రోజే అంగన్‌వాడీ ఆయా నర్సవ్వ దాన్ని నాలుగు మడతలు పెట్టి, గడగడలాడే బీరువా కాలి కింద తోసింది. మనుషులు కాగితాన్ని దేనికి వాడుకుంటారో ఆ రోజే తెలిసింది నాకు. ఆ బీరువా మాత్రం ఇప్పటికీ కదలదు.

మా ఊరు గోదావరికి కొంచెం ఇవతల ఉంటుంది. బీడీలు చుట్టే ఊరు. ఏ గడప ముందు చూసినా చాట ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్లు ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ కనిపిస్తారు. నోరు ఒక దిక్కు, చేతులు ఒక దిక్కు, కళ్లు ఆడుకునే పిల్లల దిక్కు. అంగన్‌వాడీ ఊరి నడుమ ఉంది. ఒక గది, ఒక వరండా. ఆ వరండా దూలమే నా ఇల్లు. నెల మొదటి తారీఖున తూకం. స్వరూప టీచర్ పిల్లల్ని ఒక్కొక్కరిగా నిక్కరు లాంటి గుడ్డ సంచిలో కూర్చోబెట్టి నాకు తగిలిస్తుంది. నేను చూపిన అంకెను మూడు రంగుల ఎదుగుదల పట్టీ మీద చుక్కగా పెడుతుంది. చుక్క ఆకుపచ్చలో పడితే పిల్ల మంచిగుంది. పసుపులో పడితే చిక్కిపోయింది. ఎరుపులో పడితే దవాఖానకు తీసుకుపోవాలి.

పిల్లలకు నేనంటే పడదు. కొందరు ఏడుస్తారు, కొందరు తంతారు. ఎక్కువమంది మాత్రం సంచిలో కూర్చున్న మరుక్షణం నా మీద తడిపేస్తారు. అప్పుడు నర్సవ్వ, “మంచిదైంది పోనీ, ఆ బరువు కూడ తగ్గింది” అంటుంది. ఆమెకు తూకం అంటే అంతే.

తల్లుల భయం వేరే. పది మంది నడుమ పిల్ల బరువు బయటికి చెప్పడమా? దిష్టి తగలదా? అందుకని ఎవరి పిల్ల వేలాడితే ఆ తల్లి కొంగుతో నా ముఖం కప్పేది. స్వరూప టీచర్ కొంగు కిందికి తల దూర్చి అంకె చూసి, తల్లి చెవిలో చెప్పి, పట్టీలో రాసేది. నేను వచ్చిన మొదటి ఏడేళ్లూ ఈ కొంగుల చీకట్లోనే గడిపాను. నాకేం బాధ లేదు. ఆరో ఏట బొద్దుగా ఉన్న ఒక పిల్లవాడికి తూకమైన మర్నాడు జ్వరం వచ్చింది చూడండి, అసలు కథ అక్కడ మొదలైంది.

జ్వరం మూడు రోజుల్లో పోయింది. కానీ దానికి కారణం నా గుండ్రటి ముఖమే అని ఊరంతా అనుకున్నది. నర్సవ్వ ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు నల్లదారానికి గుచ్చి తెచ్చి నా కింది కొండికి కట్టింది, సంచి వెనకాల, ఎవరికీ కనబడకుండా. తర్వాతి నెల ఇంకొక తల్లి నల్లగుడ్డలో పటిక కట్టి తెచ్చింది. ఆ తర్వాత ఎవరో గవ్వల దండ తెచ్చారు. ఎవరో తుప్పుపట్టిన తాళంచెవుల గుత్తి తెచ్చారు, ఇనుముకు దిష్టి ఆగుతుందట. అన్నీ కలిపి నర్సవ్వ ఒక మూట చేసింది. టీచర్ చూసింది, నవ్వింది. “ఉండనీ తియ్, ఏమైతది” అన్నది. ఆమెకూ ఒక బిడ్డ ఉంది మరి.

అందరికన్నా పెద్ద వస్తువు తెచ్చింది గంగజల. ఆమె గురించి చెప్పకపోతే నా కథే లేదు. గంగజల ఏడో తరగతి దాకా చదివింది, బీడీలు చుడుతుంది, లహరి అనే రెండేళ్ల పిల్లకు తల్లి. ఆ ఊళ్లో నాలాగే భయపడే మనిషి ఎవరన్నా ఉంటే ఆమె ఒక్కతే. పిల్ల తుమ్మితే నిమోనియా అనుకుంటుంది. తుమ్మకపోతే, ఎందుకు తుమ్మలేదని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. వాళ్లత్త ముత్తవ్వ ఎప్పుడూ అనే మాట ఒకటుంది, “పాలు పొంగితే పొయ్యి కూలిందంటవు. నిన్ను చేసిన దేవుడు అప్పుడు తొందరల ఉన్నడే.” ఆ గంగజల, వాళ్ల తాత గుర్రబ్బండి తోలిన నాటి ఇనుప గుర్రపు నాడా ఒకటి అటక మీద వెతికి తీసి, కడిగి, పసుపు రాసి తెచ్చి మూటలో పెట్టించింది. చేతికి బరువుగా తగిలే నాడా. పెట్టాక రెండు చేతులూ జోడించి నాకు మొక్కింది కూడా. కాంటాకు మొక్కిన మనిషిని అదే మొదటిసారి చూడటం.

ఏడాది తిరిగేసరికి మా కేంద్రానికి మంచిపేరు వచ్చింది. పట్టీలన్నీ ఆకుపచ్చ. సూపర్‌వైజర్ మేడం జీపులో వచ్చి, రిజిస్టర్ తిరగేసి, “ఇరవై మూడు మంది పిల్లలల్ల ఒక్క పసుపు లేదు. జిల్లాలనే లేదు ఇట్లాంటి సెంటర్” అన్నది. ఉత్తమ కేంద్రం అని రాసి ఉన్న కాగితాన్ని అద్దాల ఫ్రేములో కట్టించి ఇచ్చారు. నర్సవ్వ దాన్ని గోడకు కొట్టి దానికీ ఒక నిమ్మకాయ కట్టింది. ఊళ్లో అటుకులు, బెల్లం పంచారు.

ఆ సంబరంలో ఒక మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. సర్కారు అదనపు పోషణ అని ఒకటి పెట్టింది. రోజుకొక గుడ్డు ఎక్కువ, ఒక గ్లాసు పాలు, నెలకొకసారి డాక్టరమ్మ పరీక్ష. అది పసుపులో, ఎరుపులో ఉన్న పిల్లలకే. వాళ్ల పేర్ల జాబితా ఏడాదికి ఒక్కసారి, జూన్ నెలలో రాస్తారు. మా ఊరి నుంచి ఆ జూన్‌లో ఒక్క పేరూ పోలేదు. పోతే పరువు తక్కువ అనుకున్నారు కొందరు.

గంగజలకు మాత్రం నిద్ర పట్టలేదు. లహరికి అప్పటికి రెండున్నరేళ్లు. నేను పది కిలోల రెండు వందలు చూపించాను. చుక్క ఆకుపచ్చ అంచు మీద పడింది. టీచర్ చెవిలో చెప్పింది, “మంచిగనే ఉన్నది గంగజలా, ఇగనన్న నవ్వు.” గంగజల నవ్వలేదు. పిల్ల మొలతాడును రెండు వేళ్లతో పట్టుకుని చూసుకుంది.

“ముడి లోపలికి జరిపిన టీచరమ్మా,” అన్నది. “పోయిన చలికాలం బిగుతుగ ఉండె. కాళ్ల కడియాలు సబ్బు పెట్టకుండనే ఊడుతున్నయి. బరువు పెరిగితే కడియం ఎట్ల జారుతది?”

“పిల్ల పొడుగైతున్నది, అందుకే సన్నగ కనబడుతది.”

“పొడుగైతే కాలు పెరుగుతది గని కరుగుతదా?”

వరండాలో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ముత్తవ్వ అక్కడే గోడకానుకొని కూర్చుని ఉంది. “దీనికి ఆకుపచ్చల గూడ ఎరుపే కనబడుతది,” అన్నది. “కాంటా అబద్ధం చెప్తదానే?”

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నాకు తెలుసు కదా. ఏ పిల్లా నా మీద లేనప్పుడు, పనివేళలు అయిపోయి అందరూ ఇళ్లకు పోయాక, నా ముల్లు సున్నా మీద నిలవడం లేదు. ఒకటి మీద నిలుస్తోంది. నిమ్మకాయ, పటిక, గవ్వలు, తాళంచెవులు, నాడా, తడిసి ఎండి బరువెక్కిన గుడ్డ సంచి, అన్నీ కలిపి కిలో. కానీ ఖాళీగా ఉన్నప్పుడు నా ముఖం ఎవరు చూస్తారు? ఒక పిల్ల దిగీ దిగగానే ఇంకొక పిల్లను ఎక్కించేవాళ్లు. నడుమ ఉన్న ఆ ఒక్క క్షణం మీద కొంగు ఉండేది. నేను అబద్ధం చెప్పలేదు. నాకు తగిలించిందంతా తూచాను. అయినా పసిపిల్లల విషయంలో ఇలాంటి తెలివైన జవాబు చెప్పుకోవడం సిగ్గుచేటు.

ఆగస్టు ఒకటో తారీఖున గంగజల పొద్దున్నే బీడీల కార్ఖానాకు పోయింది. అక్కడ ఏం జరిగిందో ఆమె తర్వాత పదిసార్లు పది మందికి చెప్పగా విన్నాను. బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. తంబాకు తూచేముందు, సరుకిచ్చి పని చేయించుకునే టేకేదారును, “ఉత్త కాంటా చూపెట్టు” అని అడుగుతారు. పళ్లెంలో ఏమీ లేనప్పుడు కాంటా సమంగా నిలబడుతుందా లేదా చూసుకుని గానీ తంబాకు పట్టరు. తంబాకు తక్కువైతే బీడీలు తక్కువ పడతాయి, మాట పడేది చుట్టినామె. అందుకని ఎనభై ఏళ్ల ముసలామె కూడా అడుగుతుంది. గంగజల రెండుసార్లు అడుగుతుంది.

ఆ రోజు టేకేదారు మల్లేశానికి విసుగు పుట్టింది. “ఉత్త కాంటా, ఉత్త కాంటా. పావుశేరు తంబాకుకు ఇన్ని పరీక్షలు చేస్తవు,” అన్నాడు. “నీ బిడ్డను జోకే కాంటాను ఎన్నడన్న ఉత్తగ చూసినవా?”

అతను ఎగతాళికే అన్నాడు. గంగజల మాత్రం తంబాకు అక్కడే వదిలేసి, లహరిని చంకనేసుకుని, తిన్నగా అంగన్‌వాడీకి వచ్చింది. నేను ఆమె రాకను దూరం నుంచే చూశాను. ఆ నడక చూసి, ఇక నా పని అయిపోయింది, పాత ఇనుము వాడికి వేస్తారు అనుకున్నాను.

వరుసలో ఆరుగురు తల్లులు నిలబడి ఉన్నారు. గంగజల ముందుకు వచ్చి, ఒకామె నా మీద కప్పబోతున్న కొంగును చేత్తో ఆపింది.

“ఆగు టీచరమ్మా. ఉత్త కాంటా చూద్దాం.”

సంచి ఖాళీగా ఊగుతోంది. అందరూ నా ముఖంలోకి చూశారు. ఏడేళ్లలో మొదటిసారి అంతమంది ఒక్కసారిగా చూశారు. ముల్లు ఒకటి మీద నిలబడి ఉంది.

“అది సంచి బరువు,” అన్నది నర్సవ్వ.

సంచి విప్పారు. ముల్లు ఒక గీత, అంటే వంద గ్రాములు, దిగి ఆగిపోయింది. స్వరూప టీచర్ నోటి మీద చేయి పెట్టుకుంది. గంగజల నా వెనక్కు వచ్చి, మూటను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ముల్లు గిరుక్కున తిరిగి సున్నాకు వచ్చి వణికి నిలబడింది. ఆహా, ఎంత హాయి. మెడలో కట్టిన గుదిబండ తీసిన ఆవులా ఉంది నాకు. అప్పుడామె మూట విప్పింది. పసుపు మరకల నాడా వాళ్ల తాతది.

“నేనే కట్టిన,” అన్నది. “పిల్లకు ఏమన్న ఐతదేమో అని కట్టిన. పిల్ల చిక్కిపోతున్నది నాకు కనబడకుండ నేనే కట్టిన.”

అప్పుడు ముత్తవ్వ గోడ దగ్గర నుంచి మోకాళ్లు పట్టుకుంటూ లేచింది. కోడలిని అందరి ముందు ఎగతాళి చేసిన ముత్తవ్వే. కోడలి చేతిలోని నాడాను తీసుకుని, “నీ ఒక్కదాని నాడానే తొమ్మిది వందల గ్రాములున్నదా? నిమ్మకాయ ఎవరిది, తాళాలు ఎవరివి? అందరి భయం కలిస్తెనే గింత బరువైంది,” అన్నది. “ఏడ్చుడు బందువెట్టి పిల్లలను మళ్ల జోకుండ్రి.”

మళ్లీ తూచారు. సంచి తొడిగి, టీచర్ నా నెత్తి దగ్గరి మరను ఇన్నేళ్లకు తిప్పి ముల్లును సున్నాకు తెచ్చింది. ఈసారి ఎవరూ కొంగు కప్పలేదు. అంకెలు బయటికే చదివారు. ఇరవై మూడు మందిలో తొమ్మిది మంది పసుపులోకి జారారు, ఇద్దరు ఎరుపులోకి. లహరి తొమ్మిది కిలోల రెండు వందలు. పసుపు.

ఆ ఇద్దరినీ అదే రోజు దవాఖానకు తీసుకుపోయారు. తొమ్మిది మంది సంగతి? సూపర్‌వైజర్ మేడం వచ్చి, తల పట్టుకుని కూర్చుంది. మంచి మనిషే. “జూన్‌ల జాబితా మూసేసిన్రమ్మా. రూలు అది. మళ్ల వచ్చే జూన్‌లనే పేర్లు ఎక్కుతయి.” పది నెలలు. ఇంకో భయం కూడా ఉంది, అది స్వరూప టీచర్ ముఖంలో కనిపిస్తోంది. నిజం పైకి రాస్తే ఆమె కొలువు మిగులుతుందా? రాయకపోతే పిల్లలకు గుడ్డు లేదు, పాలు లేవు.

“మూట మేము కట్టినం, మేమే చెప్తం,” అన్నది గంగజల. “ఎవరికి చెప్పాలె మేడం?”

మేడం కాస్త ఆలోచించి చెప్పింది. పిల్లల పోషణ మీద సర్కారు కొత్త విధానం రాస్తున్నదట. శాసనసభ కమిటీ ఒకటి జిల్లాలు తిరుగుతూ జనం మాట వింటున్నదట. ఇరవయ్యో తారీఖున మా జిల్లాకు వస్తున్నదట. ఆ నడుమ రోజుల్లో తల్లులు ఊరికే కూర్చోలేదు. ఇంటికొక వంతు పెట్టుకుని, తొమ్మిది మంది పిల్లలకూ రోజూ గుడ్డు ఉడికించి కేంద్రానికి పంపారు. గంగజల వంతు రోజు ఆమె ఒక్కో గుడ్డును నీళ్లలో వేసి, మునుగుతుందా తేలుతుందా చూసి గానీ పంపలేదు.

ఇరవయ్యో తారీఖున నేను బస్సెక్కాను. గంగజల నన్ను పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. పక్కన టీచర్, ముత్తవ్వ, ఇంకో నలుగురు తల్లులు. దిష్టి మూట వేరే సంచిలో. కండక్టర్ వచ్చి, “ఎంత వయసమ్మా బాబుకు?” అన్నాడు. దుప్పటి తీసి చూపించింది. అతను నా ముఖం వంక చూసి, “ఒళ్లె కూసుంటున్నడు గద, అర టికెట్టు గూడ లేదు తియ్” అని పోయాడు. దారి పొడుగునా ఆమె గుండె నా వీపుకు తగులుతూనే ఉంది. మాట మరిచిపోతే? తిట్టి బయటికి పంపితే? టీచర్‌ను తీసేస్తే? ఆమె అడిగిన ప్రశ్నలన్నీ నేనూ అడుగుతున్నాను.

జిల్లా కార్యాలయంలో పెద్ద హాలు. వేదిక మీద కమిటీ. నడుమ కూర్చున్న అధ్యక్షురాలు నెరిసిన జుట్టు ఆమె. మొదట ఒక అధికారి గోడ మీద బొమ్మలు చూపించాడు. జిల్లా అంతా ఆకుపచ్చ, కంటికి చల్లగా ఉంది. ఆ తర్వాత ఊళ్ల వాళ్లను పిలిచారు. గంగజల లేచింది. రాసుకొచ్చిన కాగితం చెమటకు తడిసి ముద్దైంది. ఆమె దాన్ని వదిలేసి నన్ను దుప్పట్లోంచి తీసి, గుడ్డ సంచి తొడిగి, చుట్టూ చూసి, కిటికీ ఊచకు తగిలించింది.

“ముందు ఉత్త కాంటా చూడుండ్రి సార్,” అన్నది. సున్నా చూపాను. కింది కొండికి మూట కట్టింది. తర్వాత అంగన్‌వాడీకి సర్కారు పంపే కందిపప్పు ప్యాకెట్టు, సీలు విప్పనిది, సంచిలో పిల్లను పెట్టినట్టే పెట్టింది. “ఇది కిలో. మీరే పంపిన్రు, మీదే సీలు. కాంటా ఎంత చెప్తున్నదో చదువుండ్రి.”

ముందు వరుసలో ఉన్న ఒక సభ్యుడు లేచి వచ్చి చదివాడు. “ఒక కిలో తొమ్మిది వందలు.”

“మా పిల్లలు గిట్లనే ఆకుపచ్చయిండ్రు.”

హాలు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. గంగజల జరిగిందంతా చెప్పింది, నాడాతో సహా. చెప్పేటప్పుడు ఒక్క మాట కూడా తప్పలేదు. “తప్పు మాది. టీచరమ్మది కాదు. కని జూన్‌ల తప్పైతే మళ్ల జూన్ దాక పిల్ల ఆగుతదా? చిక్కిపోవుడు ఏ నెలనన్న చిక్కిపోతది. పేరు గూడ ఏ నెలనన్న ఎక్కాలె. ఇగ ప్రతి ఊళ్లె, జోకేముందు తల్లులందరి ముంగట ఉత్త కాంటా చూపెట్టాలె. మేము తంబాకుకు అడుగుతం. పిల్లలకు అడుగలేదు.”

గోడ మీద బొమ్మలు చూపించిన అధికారి గొంతు సవరించుకున్నాడు. కాంటాల పరీక్షకు ప్రతి కేంద్రానికీ తూకపు గుండ్లు కొనాలని, టెండర్లని, రెండేళ్లు పడుతుందని చెప్పాడు.

“గుండ్లు ఎందుకు సార్?” అన్నది గంగజల, నిజంగానే అర్థం కాక. “పప్పు ప్యాకెట్టు ప్రతి సెంటర్‌ల ఉన్నది గద. తూచినంక వండుకుంటం.”

ఈసారి అధ్యక్షురాలు కూడా నవ్వింది. ఆమెకు నా మీద మనసు పడ్డట్టుంది. మూట విప్పించి, పప్పు తీయించి, తన ముందున్న లావుపాటి ఫైలును, జిల్లా పోషణ నివేదికట అది, సంచిలో పెట్టించింది. నేను ఊపిరి బిగబట్టి చూపాను. నాలుగు కిలోల ఆరు వందలు.

“మా లహరిల సగం,” అని వెనక నుంచి ముత్తవ్వ అన్నది.

నవ్వులు సద్దుమణిగాక అధ్యక్షురాలు అడిగింది, “మరి దిష్టి సంగతేందమ్మా? ఊరోళ్లు ఊకుంటరా?”

గంగజల మూటను చేతిలోకి తీసుకుంది. “దిష్టి మూట గడపకు కట్టుకుంటం మేడం. కొండికి కట్టం.”

వచ్చేటప్పుడు బస్సులో ఎవరికీ నమ్మకం లేదు. పెద్దవాళ్లు నవ్వారు, నవ్వి మరిచిపోతారు అన్నారు. నేనూ అదే అనుకున్నాను. వారం తర్వాత టీచర్ పేరు మీద కవరు వచ్చినప్పుడు వరండాలో ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు. స్వరూప టీచర్ విప్పలేక గంగజలకే ఇచ్చింది. గంగజల కళ్లు మూసుకుని చింపింది. అందులో రెండే వాక్యాలు. నిజాన్ని తానే బయటపెట్టిన కేంద్రాన్ని శిక్షిస్తే రేపు ఎవరూ నిజం చెప్పరని, టీచర్ మీద ఏ చర్యా వద్దని కమిటీ రాసింది. టీచర్ కూలబడి ఏడ్చింది. నర్సవ్వ ఆమెకు టీ పెట్టి, ఆ కంగారులో చక్కెర బదులు ఉప్పు వేసింది. టీచర్ తాగేసింది కూడా.

పెద్ద ఉత్తర్వు బతుకమ్మ మూడో రోజున వచ్చింది. ఆడవాళ్లందరూ తంగేడు, గునుగు పూలు ముందేసుకుని వరండాలోనే కూర్చుని పేరుస్తున్నారు. టీచర్ నిలబడి చదివింది. రాష్ట్రంలోని అన్ని కేంద్రాల్లో అదనపు పోషణ జాబితాను ఇకమీదట నెలనెలా రాయాలట. సెలవులు తీసేస్తే మిగిలిన ప్రతిరోజూ పిల్లలందరికీ గుడ్డు పెట్టాలట, ఏ రంగులో ఉన్నా సరే. తూకం రోజున తల్లుల సమక్షంలో మొదట ఖాళీ కాంటాను, తర్వాత సీలున్న కిలో పప్పు ప్యాకెట్టును చూపాలట. ఉత్తర్వులో ఆ ముక్క ఇలా ఉంది: ‘ముందు ఖాళీ కాంటా చూడవలెను, తర్వాతే తూకము వేయవలెను.’

నేను బీరువా కాలి వంక చూశాను. అంతమంది పెద్దలు అన్ని జిల్లాలు తిరిగి రాసిన మాట ఏడేళ్లుగా అక్కడే, నాలుగు మడతల్లో ఉంది. అయినా దానికి కోపం ఉన్నట్టు లేదు. బీరువాను మోస్తూనే ఉంది.

నర్సవ్వ ఉత్తమ కేంద్రం ఫ్రేములోంచి పాత కాగితం తీసి, “ఫ్రేము మంచిగున్నది, పారేస్తమా” అంటూ ఉత్తర్వును అందులో దోపింది. మూటను తీసుకుపోయి వాకిలి మీద, గడపకు పైన కట్టింది. అది చూసి ముత్తవ్వ చప్పట్లు చరుస్తూ లేచింది. ఆ సాయంత్రం నా కింద బతుకమ్మ ఆడారు. నా ముల్లు కూడా ఆ చప్పట్ల అదురుకు సున్నా మీదే అటూ ఇటూ ఆడింది. దాన్ని తప్పని ఎవరూ అనలేదు.

మరుసటి జూన్‌లో, పాత రూలైతే లహరి పేరు అప్పుడు ఎక్కాల్సింది, ఆ జూన్‌లో లహరి పదకొండు కిలోల ఆరు వందలు తూగింది. చుక్క ఆకుపచ్చలో పడింది. కడియం ఊడదీయడానికి గంగజలకు సబ్బు కావలసి వచ్చింది. మొలతాడు ముడి బయటికి జరిపింది. తర్వాత నా ముఖం వంక అనుమానంగా చూసి, “టీచరమ్మా, మరీ ఎక్కువ లావైతదా ఏంది?” అని అడిగింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మనిషి మారలేదు. మారకూడదు కూడా. ఆమె భయమే కదా ఇన్ని ఊళ్ల పిల్లలకు గుడ్డయింది.

ఇప్పుడు నా వయసు పదకొండేళ్లు. కిందటేడు నేల మీద పెట్టే కొత్త కరెంటు కాంటా వచ్చింది. పిల్లలు దాని మీద నిలబడతారు, ఎర్రటి అంకెలు వెలుగుతాయి, ఎవరూ ఏడవరు. ఇక నన్ను పాత ఇనుము వాడికి ఇస్తారని రోజూ ఎదురుచూశాను. ఇవ్వలేదు. గదిలో ఆటబొమ్మల మూలన, పిల్లల చేతికి అందేటంత కిందికి తగిలించారు. వాళ్లు నాతో దుకాణం ఆట ఆడతారు. చింతగింజలు జోకుతారు, బొమ్మల్ని జోకుతారు, ఒకసారి పిల్లిని కూడా జోకారు. అది నన్ను గీరింది.

నిన్న లహరి వచ్చింది. ఈ జూన్ నుంచి పెద్ద బడికి పోతుందట, కొత్త సంచి చూపించడానికి వచ్చింది. వాళ్లమ్మ వరండాలో టీచర్‌తో, బడి దారిలో కుక్కలున్నాయని చెబుతోంది. ఒక చిన్నపిల్ల దుకాణదారై కూర్చుని, గుడ్డ బొమ్మను నా కొండికి తగిలించబోయింది. లహరి ఆ చేతిని పట్టుకుని ఆపింది. నడుం మీద చేయి పెట్టి, నా ముఖానికి ముఖం ఆనించి చూసింది.

“ఉత్త కాంటా చూపెట్టు,” అన్నది.

నేను సున్నా చూపించాను. లహరి సరే అన్నట్టు తలూపి, బొమ్మను తగిలించనిచ్చింది.